వార్ధక్యంలో ఆర్థిక భద్రత: పోర్ట్ బ్లెయిర్ తెలుగువారి దృష్ట్యా ఒక పరిశీలన

మానవ జీవితంలో సంపాదించే కాలానికి ఒక హద్దు ఉన్నది. ఖర్చు చేసే కాలానికి మాత్రం ప్రాణమున్నంత వరకు హద్దు లేదు. ఈ రెండు కాలాల మధ్యనున్న అంతరాన్ని పూడ్చుకోవడమే వార్ధక్యపు ఆర్థిక సమస్య. నిరుద్యోగం, వార్ధక్యం, అనారోగ్యం, వైకల్యం సంభవించినప్పుడు పౌరులు ప్రభుత్వ సహాయం పొందేందుకు, తన ఆర్థిక స్తోమతకు లోబడి రాజ్యం తగిన ఏర్పాట్లు చేయాలని మన రాజ్యాంగంలోని 41వ అధికరణ నిర్దేశిస్తున్నది. 2011 జనాభా లెక్కల నాటికే దేశంలో 60 ఏళ్లు దాటినవారి సంఖ్య 10 కోట్ల 38 లక్షలు. అంటే జనాభాలో 8.6 శాతం. ఆయుఃప్రమాణం పెరిగే కొద్దీ ఈ నిష్పత్తి ఇంకా పెరుగుతుంది.

ఈ సమస్య దేశమంతటా ఉన్నదే. అయినా అండమాన్ నికోబార్ దీవుల రాజధాని పోర్ట్ బ్లెయిర్‌లో అది ఒక ప్రత్యేక రూపం ధరిస్తుంది. ఈ నగరానికి 2024 సెప్టెంబరులో కేంద్ర ప్రభుత్వం శ్రీ విజయపురం అని పేరు మార్చింది. ప్రజల వాడుకలో పాత పేరు నిలిచే ఉన్నది. ప్రధాన భూభాగంలో ‘వృద్ధాప్యానికి ఎంత సొమ్ము కావాలి?’ అన్నది మొదటి ప్రశ్న. ఇక్కడి తెలుగువారికి దానికంటె ముందు మరొక ప్రశ్న ఎదురవుతుంది: ‘వృద్ధాప్యం ఎక్కడ గడపాలి?’ దీనికి సమాధానం తేలనిదే మిగిలిన లెక్కలు తేలవు.

దీవులలో తెలుగువారు

2011 జనాభా లెక్కల ప్రకారం దీవుల మొత్తం జనాభా 3 లక్షల 80 వేల చిల్లర. అందులో తెలుగు మాతృభాషగా గలవారు సుమారు 13 శాతం, అంటే 50 వేలు. బెంగాలీ, హిందీ, తమిళం తరువాత అధిక సంఖ్యాకులు మాట్లాడే భాష తెలుగే. వీరిలో చాలామంది శ్రీకాకుళం, విశాఖపట్నం ప్రాంతాల నుంచి వచ్చినవారు, వారి సంతతి. కొందరు ప్రభుత్వోద్యోగాలకు, కొందరు రేవు, రోడ్డు, భవన నిర్మాణపు పనులకు, మరికొందరు చేపల వేటకు వచ్చారు. జంగ్లీఘాట్ చేపల రేవులో వినిపించే తెలుగు ఉత్తరాంధ్ర తీరపు తెలుగు.

పోర్ట్ బ్లెయిర్‌కు, విశాఖపట్నానికి మధ్య సముద్రమార్గం సుమారు 1,200 కిలోమీటర్లు. ఓడలో రెండు మూడు రోజుల ప్రయాణం. కనుక ఇక్కడ స్థిరపడిన కుటుంబాల ఆస్తిపాస్తులు, బంధుత్వాలు రెండు తీరాల మధ్య చీలి ఉండటం కద్దు. ఇల్లు ఒకచోట, పొలం మరొకచోట. కొడుకు ఒక ఒడ్డున, కుమార్తె మరొక ఒడ్డున. వయసులో ఉన్నప్పుడు ఈ చీలిక బాధించదు. మోకాళ్లు సహకరించని వయసులో ఓడ మెట్లు ఎక్కడమే ఒక పరీక్ష అవుతుంది. సెలవు ప్రయాణ రాయితీ వంటి సదుపాయాలు ఉద్యోగంతోనే ముగిసిపోతాయి.

పింఛను గల కుటుంబం

అండమాన్ పాలనా యంత్రాంగపు ఉద్యోగులకు కేంద్ర ప్రభుత్వ పింఛను నియమాలే వర్తిస్తాయి. 2004 జనవరి 1కి ముందు ఉద్యోగంలో చేరి, పాత పద్ధతి కిందకు వచ్చేవారికి చివరి మూలవేతనంలో సగం పింఛనుగా లభిస్తుంది. ఇక్కడ గమనించవలసిన ముఖ్యాంశం ఒకటి ఉన్నది. పింఛను లెక్కకు మూలవేతనమే ఆధారం. దీవులలో పనిచేసినందుకు ఇచ్చే ప్రత్యేక భత్యం, ఇంటి అద్దె భత్యం, రవాణా భత్యం ఆ లెక్కలోకి రావు. ప్రభుత్వ నివాసగృహంలో ఉన్నవారు నిర్ణీత గడువులోగా దానిని ఖాళీ చేయాలి. కనుక చేతికందే జీతంలో సగం పింఛనుగా వస్తుందనుకోవడం పొరపాటు. వచ్చేది సగానికి తక్కువే. పైగా అంతకు మునుపు లేని అద్దె ఖర్చు వచ్చి చేరవచ్చు. కేంద్రం నుంచి బదిలీపై వచ్చినవారికైనా, ఇక్కడే పుట్టి పెరిగినవారికైనా ఈ లెక్క ఒక్కటే.

రెండవది కమ్యుటేషన్ నిర్ణయం. పింఛనులో 40 శాతం వరకు వదులుకొని, దానికి బదులు ఒకేసారి పెద్ద మొత్తం తీసుకోవచ్చు. ఉదాహరణకు నెలకు రూ. 25,000 పింఛను గల వ్యక్తి 60 ఏట విరమణ చేసి రూ. 10,000 వదులుకుంటే, నియమాలలోని గుణకం 8.194 ప్రకారం అతనికి రూ. 9,83,280 లభిస్తుంది. పూర్తి పింఛను తిరిగి వచ్చేది 15 ఏళ్ల తరువాత. అంతవరకు అతడు వదులుకునే మొత్తం 18 లక్షలు. కరువు భత్యాన్ని మాత్రం పూర్తి పింఛనుపైనే లెక్కిస్తారు. ఆ పెద్ద మొత్తంతో ఇల్లు ఏర్పరచుకొని అద్దె తప్పించుకున్నా, వడ్డీకి తెచ్చిన అప్పు తీర్చినా అందులో అర్థమున్నది. పెళ్లి ఖర్చులకో, పిల్లల వ్యాపారానికో అది కరిగిపోతే, 75 ఏళ్ల వయసు వచ్చేదాకా తగ్గిన పింఛనుతోనే కాలం గడపాలి.

2004 తరువాత చేరినవారిది వేరు మార్గం. వారికి జాతీయ పింఛను వ్యవస్థ వర్తిస్తుంది. 2025 ఏప్రిల్ 1 నుంచి ఏకీకృత పింఛను పథకాన్ని ఎంచుకునే అవకాశం కూడా కల్పించారు. ఈ రెండవ పథకంలో 25 ఏళ్ల సర్వీసు పూర్తి చేసినవారికి చివరి 12 నెలల సగటు మూలవేతనంలో సగం హామీగా లభిస్తుంది. తాను ఏ పద్ధతి కింద ఉన్నదీ, తన తరువాత భార్యకు లేదా భర్తకు ఏమి లభించేదీ ఉద్యోగి విరమణకు ముందే తెలుసుకొని ఇంట్లో చెప్పి ఉంచాలి. కుటుంబ పింఛను పత్రాలలో పేరు, పుట్టిన తేదీ సరిగా లేక వితంతువులు కార్యాలయాల చుట్టూ తిరగవలసి రావడం నివారించదగిన కష్టం.

పింఛను లేని కుటుంబం

చేపల వేట, కూలి, చిన్న దుకాణం, ఇంటిపని మీద బ్రతికేవారికి విరమణ తేదీ లేదు; శరీరం మొరాయించిన రోజే వారి విరమణ. వీరికోసం కేంద్ర ప్రభుత్వం 1995 ఆగస్టు 15న జాతీయ సామాజిక సహాయ కార్యక్రమాన్ని ప్రారంభించింది. దాని కింద దారిద్ర్యరేఖకు దిగువనున్న 60 నుంచి 79 ఏళ్లవారికి కేంద్రం వాటా నెలకు రూ. 200, 80 దాటినవారికి రూ. 500. దీనికి రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాలు తమ వంతు కలుపుతాయి. ఆంధ్రప్రదేశ్‌లో 2024 జూలై నుంచి వృద్ధాప్య పింఛను నెలకు రూ. 4,000గా పంపిణీ అవుతున్నది.

ఇక్కడే ‘ఎక్కడ’ అనే ప్రశ్న పేదవానికి మరింత పదునుగా తగులుతుంది. సామాజిక పింఛను నివాసాన్ని అనుసరించి ఉంటుంది. ముప్పై ఏళ్లుగా పోర్ట్ బ్లెయిర్‌లో ఉంటూ, రేషను కార్డు మాత్రం స్వగ్రామంలో నిలుపుకొన్న వ్యక్తి రెండు చోట్లా హక్కుదారు కాలేడు. అక్కడ ఇంటి వద్దకు పింఛను తెచ్చేవారికి అతడు కనిపించడు. ఇక్కడ దరఖాస్తుకు కావలసిన నివాస పత్రం ఉండదు. ఆధార్, రేషను కార్డు, ఓటరు గుర్తింపు, బ్యాంకు ఖాతా ఈ నాలుగూ ఒకే చిరునామాతో, ఒకే పేరుతో ఉండేటట్లు 60 ఏళ్లకు ముందే సరిచేసుకోవాలి. ఇంటిపేరు ఒకదానిలో ముందు, మరొకదానిలో వెనుక, ఇంకొకదానిలో పొడి అక్షరంగా ఉండటం తెలుగువారిలో సర్వసాధారణం. హిందీ, ఇంగ్లీషు దరఖాస్తులలో ఈ తేడాయే చిక్కులు తెస్తుంది. చదువుకున్న మనుమడో మనుమరాలో ఒక్క పూట కూర్చొని ఈ పత్రాలను పోల్చి చూస్తే చేయగల మేలు ఇంతింత కాదు.

వయసులో ఉన్నవారికి అటల్ పింఛను యోజన 2015 నుంచి అందుబాటులో ఉన్నది. 18 నుంచి 40 ఏళ్ల లోపువారు చేరవచ్చు; ఆదాయపు పన్ను చెల్లించేవారికి 2022 అక్టోబరు నుంచి ప్రవేశం లేదు. 60 ఏళ్ల తరువాత నెలకు రూ. 1,000 మొదలు రూ. 5,000 వరకు హామీ పింఛను వస్తుంది. చందాదారుని తరువాత అదే పింఛను జీవిత భాగస్వామికి కొనసాగుతుంది. ఆలస్యానికి చెల్లించవలసిన మూల్యం ఎంతో ఈ పథకపు పట్టికే బోధిస్తుంది. రూ. 5,000 పింఛను కోసం 18 ఏట చేరినవారు నెలకు రూ. 210 చొప్పున 42 ఏళ్లు కడతారు, మొత్తం రూ. 1,05,840. 40 ఏట చేరినవారు నెలకు రూ. 1,454 చొప్పున 20 ఏళ్లు కడతారు, మొత్తం రూ. 3,48,960. పింఛను ఒక్కటే, చెల్లింపు మూడు రెట్లకు పైగా. తొలినాటి చిన్న మొత్తంపై వడ్డీ, ఆ వడ్డీపై వడ్డీ పెరగడమే ఈ వ్యత్యాసానికి కారణం.

వేటగాని ఆదాయం ఏడాది పొడుగునా ఒకేలా ఉండదు. వేట బాగా సాగిన నెలలలో ఎక్కువ, వర్షాకాలపు గాలివానలలో స్వల్పం. అటువంటివారికి ‘నెలకు ఇంత’ అన్న నియమం కంటె ‘రాబడిలో ఇంత వంతు’ అన్న నియమం ఆచరణీయం. పడవకు, వలకు, ఇంజనుకు వాటాలు తీసే అలవాటు వేటగాళ్లలో ఉన్నదే. ఆ వాటాల వరుసలో వృద్ధాప్యానికి కూడా ఒక వాటా చేర్చుకుంటే చాలు.

ధరల పెరుగుదల అనే కనిపించని ఖర్చు

నిత్యావసర వస్తువులలో అధిక భాగం దీవులకు సముద్రం దాటి వస్తుంది. రవాణా ఖర్చు ధరలో చేరుతుంది; నౌక ఆలస్యమైతే కూరగాయల ధర ఆ వారమే పెరుగుతుంది. దీనికి తోడు సాధారణ ద్రవ్యోల్బణం. ధరలు ఎన్నేళ్లలో రెట్టింపు అవుతాయో తెలుసుకోవడానికి 72ను ద్రవ్యోల్బణపు రేటుతో భాగిస్తే సుమారుగా తెలుస్తుంది. ఏటా 6 శాతం పెరిగితే 12 ఏళ్లు. 4 శాతమైతే 18 ఏళ్లు. 60 ఏట రూ. 20,000తో నడిచిన సంసారానికి, 6 శాతం లెక్కన 72 ఏట రూ. 40,000 కావాలి.

ప్రభుత్వ పింఛనుదారునికి కరువు భత్యం ఈ పెరుగుదల నుంచి కొంత రక్షణ ఇస్తుంది. కేంద్ర పింఛనుదారులకు 80 ఏళ్లు నిండితే మూల పింఛనుపై 20 శాతం అదనంగా చేరుతుంది కూడా. వడ్డీపై ఆధారపడినవారికి ఆ రక్షణ లేదు. అందువల్ల వచ్చిన వడ్డీ అంతా ఖర్చు చేయరాదు. తొలి సంవత్సరాలలో దానిలో కొంత భాగాన్ని తిరిగి పొదుపులో వేస్తేనే మలి సంవత్సరాలలో అసలు తరగకుండా ఉంటుంది.

పొదుపును ఎక్కడ ఉంచాలి?

వృద్ధులకు మొదట కావలసినది అసలుకు భద్రత, తరువాత క్రమమైన రాబడి, ఆపైన అధిక వడ్డీ. ఈ వరుసను తారుమారు చేసినవారే ఎక్కువగా నష్టపోతారు.

తపాలా కార్యాలయాలలో, బ్యాంకులలో 2004 నుంచి అమలులో ఉన్న వయోవృద్ధుల పొదుపు పథకం ఈ వరుసకు సరిపోతుంది. 2023 ఏప్రిల్‌లో దీని గరిష్ఠ పరిమితిని 15 లక్షల నుంచి 30 లక్షలకు పెంచి, వడ్డీని 8.2 శాతంగా నిర్ణయించారు. ఆ రేటున 10 లక్షలపై మూడు నెలలకొకసారి రూ. 20,500 చేతికి వస్తుంది. కాలపరిమితి ఐదేళ్లు. తపాలా నెలసరి ఆదాయ పథకంలో ఒక్కరి పేర 9 లక్షలు, ఉమ్మడిగా 15 లక్షలు ఉంచవచ్చు, 7.4 శాతం వడ్డీ లెక్కన 9 లక్షలపై నెలకు రూ. 5,550. చిన్న పొదుపు పథకాల వడ్డీ రేట్లను ప్రభుత్వం మూడు నెలలకొకసారి సమీక్షిస్తుంది కనుక, చేరే రోజున ఉన్న రేటును విచారించి చేరాలి. బ్యాంకు డిపాజిట్లకు 2020 ఫిబ్రవరి నుంచి ఒక్కొక్క బ్యాంకులో ఒక్కొక్కరికి అసలు, వడ్డీ కలిపి 5 లక్షల వరకు బీమా ఉన్నది. అంతకు మించిన సొమ్మును రెండు బ్యాంకులలో ఉంచడం వివేకం.

చీటీలు తెలుగువారికి చిరపరిచితం. నమోదైన చీటీకి 1982 నాటి చట్టపు రక్షణ ఉన్నది. నోటిమాటపై నడిచే చీటీకి నిర్వాహకుని మంచితనమే రక్షణ. అధిక రాబడి ఆశ చూపే సంస్థల విషయంలో అగ్రిగోల్డ్ ఉదంతం తెలుగు కుటుంబాలకు మరువరాని పాఠం. ఆ సంస్థ చెల్లింపులు ఆగిపోయాక లక్షలాది చిన్న డిపాజిటర్లు ఏళ్ల తరబడి నిరీక్షించవలసి వచ్చింది. 2019, 2021 సంవత్సరాలలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం స్వల్ప మొత్తాల డిపాజిటర్లకు కొంత చెల్లించింది. యువకుడు పోగొట్టుకున్న సొమ్మును తిరిగి సంపాదించగలడు; డెబ్బై ఏళ్ల వ్యక్తికి ఆ అవకాశం లేదు.

2020 ఆగస్టు 10న చెన్నై, అండమాన్ల మధ్య సముద్రగర్భ తంతి ప్రారంభమైన తరువాత దీవులలో ఇంటర్నెట్ వేగం పుంజుకొన్నది. ఫోనులోనే బ్యాంకు పనులు సాగుతున్నాయి. మోసగాళ్లూ ఆ దారినే వస్తున్నారు. పోలీసులమని చెప్పి, ‘డిజిటల్ అరెస్టు’ అని బెదిరించి డబ్బు పంపమంటారు. అటువంటి అరెస్టు మన చట్టాలలో లేదు. మోసపోయినట్లు తెలిసిన వెంటనే 1930 నంబరుకు ఫోను చేయాలి. ఎంత త్వరగా తెలియజేస్తే సొమ్మును మధ్యలో నిలిపే అవకాశం అంత ఎక్కువ.

వైద్యం, ప్రయాణం

పోర్ట్ బ్లెయిర్‌లో గోవింద్ వల్లభ్ పంత్ ఆసుపత్రి ఉన్నది. అయినా కొన్ని క్లిష్ట చికిత్సలకు చెన్నైకో, కోల్‌కతాకో, విశాఖకో వెళ్లక తప్పదు. 2024 అక్టోబరు 29 నుంచి 70 ఏళ్లు నిండినవారందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, ఆయుష్మాన్ భారత్ కింద కుటుంబానికి ఏటా 5 లక్షల వరకు వైద్య రక్షణ లభిస్తున్నది. దేశంలో ఎక్కడైనా ఆ పథకంలో చేరిన ఆసుపత్రిలో దీనిని వినియోగించుకోవచ్చు. కాని విమానం టిక్కెట్లు, తోడు వచ్చినవారి బస, భోజనం, ఆ రోజులలో వారు కోల్పోయే కూలి ఈ రక్షణలోకి రావు. ద్వీపవాసికి వైద్యపు ఖర్చులో ప్రయాణమే ఒక పెద్ద పద్దు. అందువల్ల ఇద్దరు మనుషులు అప్పటికప్పుడు విమానంలో వెళ్లి, ఒక నెల బస చేయడానికి సరిపడే సొమ్మును, వెంటనే తీయగలిగే ఖాతాలో విడిగా ఉంచుకోవాలి. దీర్ఘకాలిక డిపాజిట్ ఎంత ఉన్నా అర్ధరాత్రి అక్కరకు అది అందదు.

పిల్లల వద్దకు వెళ్లి కొన్ని నెలలు ప్రధాన భూభాగంలో గడిపే పింఛనుదారులు ఏటా నవంబరులో సమర్పించవలసిన జీవన ధ్రువపత్రాన్ని గురించి ఆందోళన చెందనవసరం లేదు. 2014లో వచ్చిన జీవన్ ప్రమాణ్ విధానంలో ఎక్కడి నుంచైనా, ముఖాన్ని గుర్తించే పద్ధతితో ఫోను ద్వారానైనా, దానిని సమర్పించవచ్చు.

2004 డిసెంబరు 26 నాటి సునామీ దీవులకు మరొక పాఠం నేర్పింది. ప్రాణాలతో, ఇళ్లతో పాటు పత్రాలు కూడా కొట్టుకుపోయాయి. పింఛను ఉత్తర్వు, స్థలం కాగితాలు, డిపాజిట్ రశీదుల నకళ్లను మరొక ఊరిలోని నమ్మకస్థుల వద్ద ఒక ప్రతి, డిజిలాకర్‌లో ఉంచదగినవి అందులో మరొక ప్రతి భద్రపరచాలి.

ఇల్లు ఎవరి పేర ఉండాలి?

వృద్ధుల చేతిలోని అతి పెద్ద ఆస్తి ఇల్లు. ‘మీరు మా దగ్గరే ఉంటారు కదా, అక్కడి ఇల్లు అమ్మేద్దాం’ అన్న మాట ప్రేమతోనే వస్తుంది. అయితే సముద్రం దాటి వెళ్లాక అక్కడ ఇమడలేకపోతే తిరిగి రావడానికి చోటుండదు. అడవులే అధికంగా గల ఈ దీవులలో ఇళ్ల స్థలాలు అరుదు. అమ్మినది తిరిగి కొనడం దుస్సాధ్యం. అమ్మే ముందు ఒక ఏడాది అద్దెకిచ్చి, ఆ ఏడాది పిల్లల వద్ద గడిపి చూడటం ఉత్తమం.

బతికుండగా దానపత్రం వ్రాస్తే ఆస్తి వెంటనే చేయి జారుతుంది. వీలునామా మరణానంతరమే అమలులోకి వస్తుంది; మనసు మారితే మార్చుకోవచ్చు. దానమే ఇవ్వదలచినవారు, తమను పోషించాలన్న షరతును ఆ పత్రంలోనే స్పష్టంగా వ్రాయించాలి. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం 2007లోని 23వ సెక్షన్ ప్రకారం ఆ షరతు ఉల్లంఘన జరిగితే ట్రిబ్యునల్ ఆ బదిలీని రద్దు చేయగలదు. ఇదే చట్టం కింద పోషణ కోరుతూ తల్లిదండ్రులు స్వయంగా దరఖాస్తు చేసుకోవచ్చు. దారి తెలియనివారు 14567 అనే జాతీయ వృద్ధుల సహాయ నంబరును ఆశ్రయించవచ్చు.

నామినీ అంటే వారసుడని చాలామంది భావిస్తారు. బ్యాంకు నామినీకి సొమ్ము అందజేస్తుంది. ఆ సొమ్ముపై హక్కు మాత్రం చట్టబద్ధమైన వారసులదే. 2025 నవంబరు 1 నుంచి ఒక బ్యాంకు డిపాజిట్‌కు నలుగురి వరకు నామినీలను పేర్కొనవచ్చు.

ముగింపు

పోర్ట్ బ్లెయిర్ తపాలా కార్యాలయపు వరుసలో తెలుగు, తమిళ, బెంగాలీ, మలయాళ వృద్ధులు ఒకరి వెనుక ఒకరు నిలబడతారు. వారి స్వగ్రామాలు వేరు. వారి లెక్కలు ఒక్కటే. మొదట నివాసం నిర్ణయించుకోవడం, తరువాత నెలసరి రాబడిని స్థిరపరచడం, ఆపత్కాలపు నగదును విడిగా ఉంచడం, చివరివరకు ఇంటిని తమ పేర నిలుపుకోవడం — ఈ నాలుగు మెట్లూ ఎవరికైనా అవే. పేదవానికి మొదటి మెట్టు పత్రాలను సరిచేసుకోవడంతో మొదలవుతుంది. ఉద్యోగికి, కమ్యుటేషన్ కాగితంపై సంతకం చేసే ముందు వేసుకునే లెక్కతో. తన ఖర్చుకు తనవద్ద సొమ్మున్న వృద్ధుడు పిల్లల ఇంట గౌరవంగా ఉంటాడు. పిల్లలకూ భారం తగ్గుతుంది. కనుక ఈ ప్రణాళిక కుటుంబమంతటికీ సంబంధించినది.

విద్యార్థులకు అభ్యాసం

1. ధరలు ఏటా 4 శాతం పెరిగితే, నేడు రూ. 15,000 అవుతున్న ఇంటి ఖర్చు రూ. 30,000 కావడానికి సుమారు ఎన్నేళ్లు పడుతుంది?

2. రూ. 30,000 పింఛను గల ఉద్యోగి 40 శాతం కమ్యూట్ చేస్తే నెలకు ఎంత తగ్గుతుంది? 15 ఏళ్లలో మొత్తం ఎంత?

3. వీలునామాకు, దానపత్రానికి గల తేడాను మీ ఇంట్లోని పెద్దలకు వివరించండి.

4. మీ తాతగారి లేదా అమ్మమ్మగారి ఆధార్, రేషను కార్డు, బ్యాంకు పుస్తకంలో పేరు, చిరునామా ఒకే విధంగా ఉన్నాయేమో వారి అనుమతితో పోల్చి చూడండి. తేడా ఉంటే ఎక్కడ సరిచేయించాలో విచారించండి.